పీట మీద దించిన నొప్పి

నేను దయ్యాలను నమ్మను. ఇది కథకు ముందు అలవాటుగా చెప్పే మాట కాదు. నర్సు ఉద్యోగంలో ఎన్నో శవాలను కడిగాను, కళ్ళు మూశాను, దవడలకు గుడ్డ కట్టాను. శవాన్ని ఉంచిన గది పక్కనే చాప వేసుకుని నిద్రపోయాను. వాళ్ళలో ఒక్కరు కూడా మళ్ళీ నా ఎదుటికి రాలేదు. మా నాన్నగారు మిషన్ బడిలో లెక్కల మాస్టారు. జవాబు సరైనదే అయినా, అది ఎలా వచ్చిందో చూపించకపోతే మార్కులు వేసేవారు కాదు. నేనూ ఆ పద్ధతిలోనే పెరిగాను.

అందుకే ఇందులో నా కళ్ళతో చూసినదాన్ని, ఇతరుల నోట విన్నదాన్ని విడివిడిగా రాస్తున్నాను. సంవత్సరం 1958. కల్లాల్లో మిరపకాయలు ఆరబోసే కాలం. మా ఊరు వత్సవాయి దగ్గర అని చెబితే చాలు, పేరు రాయను. ఇందులోని కుటుంబాల పిల్లలు, మనవలు ఇంకా అక్కడే ఉన్నారు.

డాక్టర్ పానకాలరావు గారు జగ్గయ్యపేటలో ఆస్పత్రి నడిపేవారు. పాత పొగాకు గోదాముకు సున్నం కొట్టించి, మధ్యలో గోడలు లేపి దాన్ని ఆస్పత్రిగా మార్చారు. వానాకాలంలో గోడలు చెమ్మగిల్లితే పొగాకు వాసన వచ్చేది. ఆయన మద్రాసులో చదివి, యుద్ధం రోజుల్లో సైన్యంలో చేరి అస్సాం వైపు పనిచేశారు. అక్కడ క్లోరోఫారం అయిపోయినప్పుడు ఒక ముసలి డాక్టరు మాటలతోనే సిపాయిలను నిద్రపుచ్చి, నుజ్జయిన కాళ్ళు కోసేవాడట. ఆయన దగ్గరే ఈ విద్య నేర్చుకున్నారట. నైజాం హద్దు అవతల గొడవలు జరిగినప్పుడు దెబ్బలు తిని గరికపాడు దాటి వచ్చినవాళ్ళకు ఇలాగే కట్లు కట్టి, కుట్లు వేశారట. ఇదంతా విన్నది.

నేను ఆయన దగ్గర చేరింది 1952లో. అప్పటి నుంచి చూసింది చెబుతాను. విరిగిన తొడ ఎముకను లాగి సరిచేస్తుంటే రోగి గురక పెట్టడం చూశాను. అరచేతిలోంచి విరిగిన గునపం ముక్క తీస్తుంటే, నిద్రలోనే తన ఎద్దు ఎంత మంచిదో చెప్పుకుపోయిన రైతును చూశాను. డాక్టరుగారి దగ్గర తాయెత్తు లేదు, విబూది లేదు, ఊగే గొలుసు లేదు. బొటనవేలు రోగి నుదుటి మీద ఆనించి, తగ్గు గొంతుతో మాట్లాడేవారు. అంతే. ఊళ్ళో ఆయన్ని నిద్ర డాక్టరు అనేవారు. బజారులో ఆడవాళ్ళు, "ఆయన కళ్ళలోకి చూడమాకే, కడుపులో మాట కక్కిస్తాడు" అని ఒకరినొకరు ఆటపట్టించుకునేవారు.

పీట సంగతి ఇక్కడ చెప్పాలి.

మొదట్లో డాక్టరుగారు రోగిని నిద్రపుచ్చాక, "నీ నొప్పి తీసి నా చేతిలో పెట్టు" అనేవారు. అస్సాంలో అదే పద్ధతి. మా వైపు అది పనిచేయలేదు. సరిగ్గా ఆ మాట దగ్గర రోగులకు మెలకువ వచ్చేది. కారణం ఒక ముసలమ్మ చెప్పింది. ఆమెకు వీపున పెద్ద చీముగడ్డ.

"మీ చేతికా? తప్పు కదండీ," అంది సగం నిద్రలోంచి లేచి. "మిరపకాయే చేతికియ్యం. నొప్పి ఇస్తామా?"

మా ఊళ్ళల్లో ఉప్పు, మిరపకాయలు, నూనె ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి ఇవ్వరు. ఇస్తే ఇద్దరి మధ్యా పోట్లాట వస్తుందని. ఇచ్చేవాళ్ళు కింద పెడతారు, కావలసినవాళ్ళు అక్కడి నుంచి ఎత్తుకుంటారు. డాక్టరుగారు పెద్దగా నవ్వి, "అయితే కింద పెట్టవమ్మా" అని, వంటింట్లోంచి భోజనాల పీట తెప్పించి మంచం పక్కన వేయించారు. ముసలమ్మ చెయ్యి గాలిలోకి లేచి, వీపు మీది నుంచి ఏదో తీసినట్టు తీసి, ఆ పీట మీద పెట్టింది. తర్వాత గడ్డ కోస్తుంటే మూలగనైనా లేదు.

ఆ రోజు నుంచి అదే మా పద్ధతి అయింది. టేకు పీట, బరువైనది, నాలుగు మూలలా ఇత్తడి మేకులు. రోగి లేచేదాకా దాన్ని ఎవరూ ముట్టకూడదు. లేచాక ఆయా దాని మీద నీళ్ళు పోసి, బోర్లించి, ఎండలో పెట్టేది. రోగులకు అది కంటితో చూస్తేగాని తృప్తి ఉండేది కాదు. ఒకసారి నేను డాక్టరుగారిని, ఇదంతా అవసరమా అని అడిగాను.

"పీటలో ఏముంది సిస్టర్, చెక్క. పనిచేసేది వాళ్ళ నమ్మకం. నేను దానికొక చోటు చూపిస్తున్నానంతే," అన్నారు.

నేనూ సరిగ్గా అంతే అనుకున్నాను.

మా అన్నయ్య యాకోబు ఊళ్ళో కౌలుకు మిరప వేసేవాడు. నాకంటే పెద్దవాడు, మాటకారి. మా ఊరి పెద్ద రైతు ఒకాయన, దొంగతనం చేశాడన్న అనుమానంతో ఒక కూలివాణ్ణి బండి చక్రానికి కట్టేసి కొట్టించాడు. ఆ మనిషి చచ్చిపోయాడు. చూసినవాళ్ళు చాలామందే ఉన్నారు. నందిగామ కోర్టులో సాక్ష్యం చెబుతానని నిలబడింది మాత్రం మా అన్నయ్య ఒక్కడే. ఆ పెద్ద రైతు బెయిలు మీద బయట ఉన్నాడు. మా వదిన ఏడ్చి మొత్తుకుంది. అన్నయ్య వినలేదు.

ఒక మధ్యాహ్నం బండి వచ్చి ఆస్పత్రి ముందు ఆగింది. వరిగడ్డి మీద మనిషి పడి ఉన్నాడు. గడ్డి పసుపు రంగులో లేదు. నేను వెళ్ళి ముఖం చూస్తే మా అన్నయ్య.

కల్లంలో కాయలు తిరగేస్తుండగా వెనక నుంచి గొడ్డలితో నరికారు. మెడకు గురిపెట్టిన వేటు, తిరగబోయేసరికి కుడి జబ్బ మీద పడింది. కండ ఎముక దాకా తెగి, రెండుగా విచ్చుకుని వేలాడుతోంది. బండి తోలుకొచ్చినవాడు తలపాగా విప్పి బిగించి కట్టాడు కాబట్టి ప్రాణం ఉంది. ఒళ్ళంతా మిరపపొడి, నెత్తురు కలిసి గడ్డకట్టాయి.

"సుగుణా, అమ్మకి చెప్పమాక," అన్నాడు నన్ను చూసి. ఆ తర్వాత డాక్టరుగారిని చూసి, "నన్ను నిద్రపుచ్చలేరండి. మా ఆవిడ వల్లే కాలేదు," అన్నాడు. పళ్ళ మీద కూడా నెత్తురే.

నాడి అందడం లేదు. అంత రక్తం పోయిన మనిషికి క్లోరోఫారం ఇస్తే గుండె ఆగిపోతుందని డాక్టరుగారు సీసా పక్కన పెట్టేశారు. నుదుటి మీద బొటనవేలు ఆనించారు.

"యాకోబూ, బరువుగా ఉంది కదా. ఎంతసేపు మోస్తావు? దించెయ్. పక్కనే పీట ఉంది. చప్పుడు కాకుండా దించు."

అన్నయ్య ఎడమ చెయ్యి కదిలింది. కుడి జబ్బ దాకా పోయి, పిడికిలి పట్టి, పీట మీదికి పోయి విచ్చుకుంది. "అంతా పెట్టావా?" అని అడిగారు డాక్టరుగారు.

"ఇంకొంచెం ఉందండి."

ఈసారి ఆ చెయ్యి జబ్బ దగ్గరికి పోలేదు. ఎడమ పక్క, రొమ్ము కింద తడిమి, అక్కడి నుంచి తీసి పెట్టింది. అక్కడ గాయం ఏమీ లేదు. మత్తులో చెయ్యి తడబడింది అనుకున్నాను. దాన్ని జ్ఞాపకం పెట్టుకోవాలని కూడా అనుకోలేదు. అన్నయ్య ముఖం మీది ముడతలు విడిపోయాయి. ఊపిరి నెమ్మదించింది.

డాక్టరుగారు కట్టు విప్పారు. తెగిన రక్తనాళాన్ని నేను బొటనవేలితో ఎముకకు అదిమి పట్టాను. నా వేలు తీస్తే అన్నయ్య పోతాడు. ఆ తర్వాత జరిగినదంతా నేను అలా వేలు అదిమి, మంచం మీదికి వంగి ఉండి చూసింది. గాయం మీద, నా చేతుల మీద దుప్పటి కప్పి ఉంది.

లారీ ఆగిన చప్పుడైంది. వాకిట్లో మా కాంపౌండరు "ఎవరండీ?" అన్నాడు. మరుక్షణం కర్ర విరిగిన శబ్దం, మనిషి పడిన శబ్దం వినిపించాయి. అతని తల పగిలిందని తర్వాత చూశాను. ఆయా కేకలు పెడుతూ దొడ్డిదారిన బయటికి పరుగెత్తింది. తలుపు గడియ ఊడి వచ్చింది.

ముగ్గురు వచ్చారు. ముందున్నవాడు ఆ పెద్ద రైతు తమ్ముడు సాంబయ్య. భారీ మనిషి, తెల్లటి చొక్కా, చేతిలో గొడ్డలి. పొద్దున్నుంచీ అతను నందిగామలో వకీలు దగ్గర ఉన్నాడు. సాక్షి చావలేదు, పేట ఆస్పత్రికి తీసుకుపోయారు అన్న కబురు అంది, అక్కడి నుంచి నేరుగా లారీ ఎక్కి వచ్చాడు. ఇది తర్వాత పోలీసులు తేల్చిన విషయం. అంటే నరికినప్పుడు అతను కల్లంలో లేడు. దెబ్బ ఎక్కడ తగిలిందో అతనికి తెలిసే దారి లేదు.

"డాక్టరుగారూ, మీ మీద మాకేం కోపం లేదండి. కాస్త పక్కకి జరగండి," అన్నాడు. గొంతులో మర్యాద తగ్గలేదు.

"ఇది ఆస్పత్రి. బయటికి నడువు."

"చెబుతున్నా కదండీ, జరగమని."

డాక్టరుగారు జరగలేదు. అతను గొడ్డలి ఎత్తగానే మీదపడి దాని కర్ర కామ పట్టుకున్నారు. ఇద్దరూ గోడకు కొట్టుకున్నారు. మందుల బీరువా అద్దం బద్దలైంది. వెనకున్నవాడు డాక్టరుగారి వీపున కర్రతో మోదాడు. ఆయన మోకాళ్ళ మీద కూలబడినా కామ వదల్లేదు. సాంబయ్య ఆయన ముఖం మీద తన్నాడు. గొడ్డలి ఇద్దరి చేతుల్లోంచీ జారి, గచ్చు మీద జర్రున పాకి బీరువా కిందికి పోయింది.

సాంబయ్య అటూ ఇటూ చూశాడు. అన్నయ్య తల అతనికి మూరెడు దూరంలో ఉంది. నేను వేలు తీయలేను. లేచి అడ్డం నిలబడలేను. వంగి అన్నయ్య ముఖం మీద నా తల పెట్టాను.

అతను కిందికి వంగి పీట అందుకున్నాడు.

"దాన్ని ముట్టుకోవద్దు!" అని అరిచాను. భయంతో కాదు. ఆరేళ్ళుగా రోజూ అనే మాట, నోటికి వచ్చేసింది.

రెండు చేతులతో పీట పైకెత్తాడు. అది అతని తల దాటి లేవడం చూశాను. కళ్ళు మూసుకున్నాను.

దెబ్బ పడలేదు. అరుపు వినబడింది.

మనుషుల అరుపులు నాకు కొత్త కాదు. కాన్పులు, కాలిన ఒళ్ళు, పాము కాట్లు అన్నీ చూశాను. అలాంటి అరుపు ముందూ వినలేదు, తర్వాతా వినలేదు. కళ్ళు తెరిచేసరికి పీట గచ్చు మీద పడి ఉంది. సాంబయ్య కుడి చెయ్యి నరాలు తెగినట్టు జబ్బ నుంచి వేలాడుతోంది. ఎడమ చేత్తో ఆ జబ్బను పట్టుకుని మోకాళ్ళ మీద పడ్డాడు. తర్వాత ఆ చెయ్యి వదిలి, ఎడమ పక్క రొమ్ము కింద నొక్కుకుని, ఊపిరి అందక నోరు తెరిచాడు.

"ఎవడ్రా నరికింది?" అన్నాడు వెనకున్నవాళ్ళలో ఒకడు. వాడి కళ్ళు గదంతా వెతుకుతున్నాయి. "ఎవడ్రా? ఎవడు?"

ఎవరూ నరకలేదు. నా రెండు చేతులూ దుప్పటి కింద ఉన్నాయి. డాక్టరుగారు నేల మీద ఉన్నారు. వాళ్ళిద్దరూ సాంబయ్య చొక్కా పైకి లాగి చూశారు. గీత లేదు, చుక్క రక్తం లేదు. అది చూశాకే వాళ్ళకు భయం పట్టింది. అతన్ని వదిలేసి పారిపోయారు. ఆయా కేకలకు బజారు జనం అప్పటికే వాకిట్లో చేరుతున్నారు.

ఇంత జరిగినా అన్నయ్య కదల్లేదు. సన్నగా గురక పెడుతున్నాడు.

డాక్టరుగారు లేచి, ముక్కు వెంట రక్తం కారుతుండగానే చేతులు కడుక్కుని, నా వేలి కింద ఉన్న రక్తనాళాన్ని ముడివేశారు. కండను, చర్మాన్ని పొరపొరగా కుట్టారు. అదంతా అయ్యేవరకు సాంబయ్య గచ్చు మీద పొర్లుతూనే ఉన్నాడు. కింది పెదవి కొరికి చీల్చుకున్నాడు. కుట్లు పూర్తయ్యాక నేను వెళ్ళి నాడి చూశాను. దారంలా ఉంది. గోళ్ళు నల్లబడ్డాయి, ఒళ్ళు చల్లటి చెమట. నెత్తురంతా పోయి చచ్చిపోయేవాడి లక్షణాలన్నీ ఉన్నాయి. పోయిన నెత్తురు మాత్రం లేదు. మార్ఫియా ఇచ్చాం. నీళ్ళ సూది పొడిచినట్టే అయింది.

"పోతున్నాడు సార్," అన్నాను.

పోతే పోనీ అన్న ఆలోచన నాకు వచ్చింది. ఆయనకు రాలేదు. గచ్చు మీద అతని పక్కన కూర్చుని, నుదుటి మీద బొటనవేలు ఆనించి మాట్లాడడం మొదలుపెట్టారు. చాలాసేపు పట్టింది. చివరికి అరుపు మూలుగుగా దిగింది, కళ్ళు మూతపడ్డాయి.

"పీట ఇటు జరపనా?" అని అడిగాను.

ఆయన దాని వైపు చూశారు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

"వద్దు సిస్టర్. మళ్ళీ ఎవరో ఒకరు ఎత్తుతారు."

చెక్క అన్న మనిషే ఆ మాట అన్నారు. అని, తన కుడి అరచెయ్యి చాచారు. "సాంబయ్యా, నా చేతిలో పెట్టు."

నిద్రలోనే సాంబయ్య తల అడ్డంగా ఊపాడు. "తప్పండి," అన్నాడు. చీలిన పెదవితో మాట సరిగ్గా రావడం లేదు. "మీ చేతికా... తప్పండి." కాసేపటి క్రితం ఆయన ముఖం మీద తన్నిన మనిషి, నాడి ఆగిపోతున్నా ఆ ఒక్క పని చేయనంటున్నాడు.

"పర్వాలేదు. నేను అడిగి తీసుకుంటున్నా. నీ తప్పు ఉండదు. పెట్టు."

రెండు మూడుసార్లు చెప్పించుకున్నాక అతని ఎడమ చెయ్యి లేచింది. జబ్బ దగ్గరికి పోయింది, డాక్టరుగారి అరచేతిలోకి వచ్చింది. తర్వాత రొమ్ము కిందికి పోయింది, మళ్ళీ వచ్చింది. నేను చూస్తుండగానే సాంబయ్య గుండెల నిండా గాలి పీల్చాడు. నాడి నిండుగా కొట్టుకుంది. డాక్టరుగారు వేళ్ళు ముడిచి, లేచి, పనిముట్ల పళ్ళెం ఎడమ చేత్తో అందుకున్నారు.

ఆ తర్వాతిదీ చెప్పాలి. అన్నయ్య బతికాడు. చెయ్యి కూడా నిలిచింది. ఆ చేతితోనే నందిగామ కోర్టులో ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పాడు. పెద్ద రైతుకు శిక్ష పడింది. దాడి చేసినందుకు సాంబయ్యకు కూడా పడింది. అతను మళ్ళీ మా అన్నయ్య జోలికి రాలేదు. ఎదురుపడితే పక్క సందులోకి తిరిగిపోయేవాడు.

మొదట్లో డాక్టరుగారు సాంబయ్య సంగతికి ఒక కారణం చెప్పారు. కొట్టడానికి వచ్చినవాడికి మనసులో భయం ఉంటుంది, నా అరుపుతో అది ఒక్కసారిగా ఒంటి మీదికి వచ్చి ఉంటుంది, రక్తం చూసి దెబ్బ చేతికేనని ఊహించుకుని ఉంటాడు అని. నేనూ ఒప్పుకున్నాను. తర్వాత అన్నయ్యకు దగ్గు వచ్చింది. దగ్గినప్పుడల్లా ఎడమ పక్క పట్టుకుంటుంటే డాక్టరుగారు వేళ్ళతో నొక్కి చూశారు. రొమ్ము కింద ఒక పక్కటెముక విరిగి ఉంది. కల్లంలో పడిపోయాక తిరగేసిన గొడ్డలితో ఒక పోటు పొడిచారని, అప్పటి కంగారులో ఎవరికీ చెప్పలేదని అన్నయ్య అన్నాడు. ఆ ఎముక సంగతి ఆ రోజు డాక్టరుగారికి తెలియదు, నాకు తెలియదు. అప్పుడే నందిగామ నుంచి దిగిన సాంబయ్యకు అసలే తెలియదు. డాక్టరుగారు మంచం అంచున కూర్చుండిపోయారు. ఆ కారణం మళ్ళీ ఎవరికీ చెప్పలేదు.

ఆయన కుడి చెయ్యి ఆ మధ్యాహ్నం తర్వాత సూది పట్టలేదు. జబ్బ దగ్గర రాత్రింబవళ్ళూ నరుకుతున్నట్టు ఉండేదట. మద్రాసులో పెద్ద డాక్టర్లు చూసి ఎముక బాగుంది, నరం బాగుంది అన్నారు. నిద్రపుచ్చే నా మాటే నాకు అంటుకుంది అనేవారు ఆయన. జగ్గయ్యపేటలో చేతబడి డాక్టరు అన్న మాట పుట్టింది, రోగులు తగ్గారు. 1960లో ఆస్పత్రి మూసి, నందిగామలో చిన్న గది తీసుకుని జ్వరాలకు, పిల్లల దగ్గులకు మందులు రాసుకున్నారు. నేనూ వెంట వెళ్ళాను. ఎవరినీ మళ్ళీ నిద్రపుచ్చలేదు.

ఒకసారి అడిగాను. "మీ మాటే మీకు అంటుకుంది అంటున్నారు కదా సార్. అలాంటప్పుడు మీరే దాన్ని తీసి ఎక్కడైనా పెట్టేయొచ్చు కదా?"

"ఎక్కడ పెట్టమంటావు సిస్టర్?" అన్నారు. ఎగతాళి కాదు. నేను చోటు చెబుతానేమోనని నిజంగానే ఎదురుచూశారు.

1966 వేసవిలో గుండెజబ్బుతో మంచం పట్టారు. చివరి రోజు పొద్దున నేను, ఆయన భార్య దగ్గర ఉన్నాం. ఆయనకు తెలివి బాగానే ఉంది. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకోబోయింది. ఆయన కుడి చేతిని లాక్కుని, ఒళ్ళు తిప్పి, దాన్ని తన వీపు కింద పెట్టుకుని దాని మీద పడుకున్నారు. నొప్పితో ముఖం నల్లబడింది. ఆవిడ ఏడ్చింది.

"ఒక్కసారి పట్టుకోనివ్వండి."

"వద్దు," అన్నారు. అదే ఆఖరి మాట. ఆ చేతిని అలా తన బరువు కింద అదిమి ఉంచే పోయారు.

దయ్యాలను నమ్మని మనిషి, పీటలో ఉన్నది చెక్కేనని నాకు చెప్పిన మనిషి, ఏమనుకుని ఆ పని చేశారో నేను చెప్పలేను. ఇప్పటికి ఎన్నోసార్లు మొదటి నుంచి చివరి దాకా లెక్క వేసి చూసుకున్నాను, నాకు జవాబు రావడం లేదు.